పేరు చెప్పని ఓటర్లు

"ఫలానావారి భార్య", "ఫలానావాడి తల్లి" అని పిలిస్తే మనకేమీ కొత్తగా తోచదు. కాని ఆ పిలుపే ఒకప్పుడు లక్షలమంది స్త్రీలకు ఓటు లేకుండా చేసిందంటే నమ్ముతారా?

1951-52లో మన మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. జాబితా రాయడానికి ఇంటికొచ్చిన పరాయి మగవాడికి తమ పేరు చెప్పడం చాలామంది స్త్రీలకు ఆచారం కాదు. రాసేవారు ఆ వరుసే రాసుకుపోయారు. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ కుదరదన్నారు. సొంత పేరు లేనిదే మనిషిని పోల్చుకునేదెలా? బీహారుకు గడువు కూడా పొడిగించారు. అయినా సుమారు 8 కోట్ల స్త్రీ ఓటర్లలో 28 లక్షలమందిని జాబితాలోంచి తీసేయవలసి వచ్చింది. వీరిలో ఎక్కువమంది ఉత్తరాది వారే. ఈ గొడవ మంచికేననీ, మళ్ళీ ఎన్నికలనాటికి ఆ సంకోచం పోతుందనీ సేన్ అభిప్రాయం.

1993లో ఫోటో గుర్తింపు కార్డులొచ్చాయి. 2009 నుంచి స్త్రీ, పురుషులుగా కాక "ఇతరులు"గా నమోదయ్యే వీలూ కలిగింది. పెళ్ళితో ఇంటిపేరు మారినా, పేరు తప్పుపడినా 8వ నంబరు ఫారంతో దిద్దించుకోవచ్చు. అయితే కార్డు పెట్టెలో భద్రంగా ఉంటే చాలదమ్మా, జాబితాలో పేరుండాలి. ఎన్నికలకు ముందే చూసుకోండి. ఆనాటి 28 లక్షలమందికి దక్కనిది మనం చేజేతులా పోగొట్టుకోవద్దు.