కాంట్రాక్టర్లను ఒక్కమాట మీద నిలబెట్టిన చట్టం

కూలీలకు సంఘం ఎందుకో మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాంట్రాక్టర్ల సంఘానికి ప్రభుత్వ బోర్డు గుర్తింపు ఇచ్చి, సంఘం మాటకు సభ్యులు కానివాళ్లనూ కట్టిపడేస్తుందని మాత్రం కెనడా వచ్చాకే తెలుసుకున్నాను. టొరంటోలో టెండర్లకు ఎస్టిమేట్లు వేసే పని నాది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ నగరాన్ని కట్టినవాళ్లలో ఇటలీ నుంచి వలస వచ్చిన కూలీలు చాలామంది. 1960 మార్చి 17న హాగ్స్ హాలో దగ్గర నీటి గొట్టం సొరంగంలో మంటలు రేగి అయిదుగురు ఇటాలియన్లు చనిపోయారు. ఆ వేసవిలోనూ, మరుసటి వేసవిలోనూ ఇళ్లు కట్టే కూలీలు సమ్మెలకు దిగారు. భవన నిర్మాణ రంగంలో కార్మిక సంబంధాలపై కార్ల్ గోల్డెన్‌బర్గ్ కమిషన్ 1962లో నివేదిక ఇచ్చింది.

యూనియన్లు బలపడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. ఇక్కడ చలికాలం పని సన్నగిల్లుతుంది. ఎండలున్నప్పుడే కాంక్రీటు పడాలి. అలాంటప్పుడు ఒక చిన్న కాంట్రాక్టర్ సైటు ఆగితే ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు? అడిగిన రేటుకు సంతకం పెట్టేవాడు. ఆ కాగితం పట్టుకుని యూనియన్ పక్క కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లేది. యజమానుల సంఘాలు ఉన్నా, ఎవరి దారి వారు చూసుకుంటుంటే సంఘం పెద్దలు చేయగలిగింది లేదు.

1971లో టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రం అక్రెడిటేషన్, అంటే కాంట్రాక్టర్ల సంఘానికి బోర్డు ఇచ్చే గుర్తింపు, తెచ్చింది. ఒక ప్రాంతంలో, ఒక రంగంలో, ఏ యూనియన్‌తో బేరమాడాలో చెప్పి సంఘం లేబర్ రిలేషన్స్ బోర్డుకు దరఖాస్తు చేస్తుంది. బోర్డు రెండు లెక్కలు చూస్తుంది. ఆ యూనియన్‌కు కట్టుబడ్డ కాంట్రాక్టర్లలో సగానికి మించి సంఘం వైపు ఉండాలి. ఆ ఉన్నవాళ్ల దగ్గరే మొత్తం కూలీల్లో సగానికి మించి పనిచేస్తూ ఉండాలి. ఉదాహరణకు పదిమంది కాంట్రాక్టర్లు, వెయ్యిమంది కూలీలు అనుకోండి. ఇద్దరు బడా కాంట్రాక్టర్ల దగ్గరే ఏడు వందల మంది ఉన్నా ఆ ఇద్దరి మాట చాలదు. మిగతా ఎనిమిదిమంది చిన్నవాళ్లు ఒక్కటైనా చాలదు. మామూలుగా దరఖాస్తుకు ముందు వారం జీతాల పట్టీయే దీనికి సాక్ష్యం. ఈ చట్టంలో నాకు బాగా నచ్చింది ఈ జాగ్రత్తే.

గుర్తింపు వచ్చాక విడిగా చేసుకున్న ఒప్పందం చెల్లదు. సభ్యుడు కానివాడికీ, రేపు ఆ యూనియన్‌కు కట్టుబడేవాడికీ అదే రేటు. అందుకు బదులుగా సంఘం ఎవరిపట్లా వివక్ష చూపకూడదు, కక్ష కట్టకూడదు. ఆ తర్వాత ఆఫీసులు, ఫ్యాక్టరీలు, ఆసుపత్రుల నిర్మాణానికి 1977లో చట్టం చేసి, ఒక్కో వృత్తికి రాష్ట్రమంతటికీ ఒకే బేరం పెట్టారు. రోడ్లు, ఇళ్లు, మురుగు కాలువల వంటి రంగాల్లో పాత అక్రెడిటేషన్ దారి ఇప్పటికీ ఉంది.

ఇది యజమానుల కోసం పుట్టిన ఏర్పాటే. అయినా కూలీకీ మేలు చేసిందని నా గట్టి నమ్మకం. ఎస్టిమేట్ వేసేటప్పుడు నా ముందున్న రేట్ల పట్టీలో గంట కూలి, సెలవుల డబ్బు, వైద్యం, పెన్షన్, శిక్షణ నిధి వరసగా ఉంటాయి. సంఘం యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం కింద పోటీకొచ్చే కాంట్రాక్టర్ ఎవరైనా ఆ అంకెలకు తగ్గడానికి వీల్లేదు. టెండర్ గెలవాలంటే పని తీరులో, సామాను కొనుగోలులో మిగుల్చుకోవాలి గానీ మనిషి కూలిలో కోత పెట్టి కాదు.

యూనియన్ లేని కాంట్రాక్టర్ మాత్రం ఈ కట్టుబాటుకు బయటే ఉన్నాడు. మనూళ్ల నుంచి తాపీ పనికో, సెంట్రింగ్ పనికో ఇక్కడికి వచ్చే తమ్ముళ్లు సైటులో అడుగు పెట్టకముందే అడగాల్సింది ఒకటుంది: ఇక్కడ ఏ ఒప్పందం నడుస్తోంది?