రంది తీర్చిన బల్ల

మన దిక్కు "వానికి రంది పట్టింది" అంటరు. జింబాబ్వేలో షోనా భాషవాళ్లు దాన్నే "కుఫుంగిసిసా" అంటారు, అంటే అతిగా ఆలోచించడం.

మాటలతో మనసుకు వైద్యం చేయొచ్చని 1895లోనే వియన్నా డాక్టర్లు బ్రాయర్, ఫ్రాయిడ్ పుస్తకం రాశారు. అయితే అది ఎక్కువగా ఉన్నోళ్లకే అందింది. 1953లో లండన్‌లో చాద్ వరా అనే చర్చి ఫాదర్, ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ల కోసం ఒక ఫోన్ పెట్టాడు. ఆయన్ని కలవడానికి వచ్చి కూర్చున్నవాళ్లు, తోడుగా ఉన్న మామూలు మనుషులకే గోడు చెప్పుకుని తేలికపడేవారు. మరుసటేడు వినే పని వాళ్లకే అప్పజెప్పాడు. అదే సమారిటన్స్.

హరారేలో డాక్టర్ డిక్సన్ చిబండా దగ్గరికి రావాల్సిన ఒక యువతి, బస్సు కిరాయికి డబ్బుల్లేక రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. 2006లో ఆయన 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చాడు. దవాఖానలో గది దొరకలేదు, బయట బల్ల వేశారు. బాధలన్నీ విని, అందులో ఒక్కదాన్ని పట్టుకుని దానికి దారి వెతకడం వాళ్ల పద్ధతి. ముదిరిన కేసైతే పైకి పంపుతారు. అలా మాట్లాడినవాళ్లకు మామూలు వైద్యంకన్నా ఎక్కువ గుణం కనిపించిందని 2016లో పరిశోధన తేల్చింది.

మన క్యాంపులో నిద్రపట్టక దొర్లేవాడు, పిచ్చోడని ఇంటికి పంపేస్తారేమోనని నోరు విప్పడు. మనమేమో "లైటు ఆర్పి పడుకోరా" అంటాం.

ఊళ్లో భార్యకో, అమ్మకో ఇదే రంది ఉంటే, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 రాసి పంపండి. తెలుగులోనే మాట్లాడతారు.