గిఫ్ట్: కానుక నుంచి విషం దాకా

జర్మనీలో సీసా మీద పుర్రె బొమ్మ, దాని కింద 'గిఫ్ట్' అని ఉంటే ముట్టుకోకండి, అది విషం. ఇంగ్లీషు కానుకకూ అవే నాలుగు అక్షరాలు. రెండూ 'ఇవ్వడం' అనే ఒకే పాత జర్మానిక్ ధాతువులోంచి పుట్టాయి. గ్రీకులో 'డోసిస్' అంటే ఇవ్వడం, వైద్యుడిచ్చే మోతాదు కూడా. ఆ వాడుక ప్రభావంతో జర్మన్‌లో 'ఇచ్చినది' కాస్తా విషమైంది. విషాన్నే మనం పురుగుల 'మందు' అంటామే, దాదాపు అలాగే. పాత అర్థం మాత్రం 'మిట్‌గిఫ్ట్'లో, అంటే కట్నంలో, ఇంకా బతికే ఉంది. నాకు మరీ నచ్చింది స్వీడిష్. అక్కడ 'గిఫ్ట్' అంటే విషమనీ, 'పెళ్లయిన' అనీ అర్థం. ఈ రెండో అర్థం పిల్లనివ్వడం నుంచి వచ్చింది. "మా అమ్మాయిని ఫలానా ఊరికిచ్చాం" అని మనమూ అంటాం కదా!