పడక నుండి నడకకు – గుండె రోగి శ్రమకు కొలత దొరికిన కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, మనలో చాలామందికి పనికివచ్చే విషయం అయితే బాగుంటుందని అనుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను. హైస్కూల్లో సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరైన వాణ్ణి, గుండెకు స్టెంటు వేయించుకున్న వాణ్ణి. ఆసుపత్రి నుండి చోడవరం వచ్చాక నన్ను చూడవచ్చిన వారి సలహాలు రెండు రకాలుగా ఉండేవి. "మాస్టారూ, ఇక మీరు కదలకూడదు" అన్నవారు కొందరు. "చెమటలు కారేలా రోజూ ఐదు కిలోమీటర్లు నడవండి, గుండె దానంతటదే బాగుపడుతుంది" అన్నవారు మరికొందరు. ఈ రెండు మాటలకూ వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఆ చరిత్ర చదివిన తరువాత నాకు అర్థమైనది ఒక్కటే. గుండె రోగికి శ్రమ కూడా మందే, అయితే మందుకు మోతాదు ఉన్నట్లే శ్రమకూ మోతాదు ఉండాలి.

కట్టెలు కోసిన రోగి

నడుస్తుంటే ఛాతీ బిగపట్టి, ఆగితే తగ్గిపోయే నొప్పిని మొదటిసారి వివరంగా వర్ణించినవాడు లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్. ఆ వ్యాసం 1772లో అచ్చయింది. ఆయన మరణానంతరం 1802లో వెలువడిన గ్రంథంలో ఒక చిన్న ముచ్చట ఉంది. ఆ నొప్పి ఉన్న ఒక మనిషి రోజూ అరగంట సేపు రంపంతో కట్టెలు కోయడం నియమంగా పెట్టుకొని, దాదాపు నయం చేసుకున్నాడట. కారణం ఏమిటో హెబర్డెన్‌కు తెలియదు, కానీ చూసింది చూసినట్లు వ్రాశాడు. ఆ మాటను నూరేళ్ళకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మంచానికి కట్టేసిన కాలం

1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడే జబ్బును వివరిస్తూ, రోగి కొన్ని రోజులు పూర్తిగా పడక మీదే ఉండాలని సూచించాడు. గుండెపోటులో దెబ్బతిన్న కండ మానడానికి వారాలు పడుతుందని 1930లలో శవపరీక్షల వలన తేలింది. దానితో కొన్ని రోజులు అన్నది ఆరు వారాలైంది. రోగి తనంత తాను పక్కకు ఒత్తిగిలకూడదు, అన్నం కూడా ఎవరో తినిపించాలి. కదిలితే గుండె చిట్లుతుందని భయం. ఆ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే పడుకొని పడుకొని కాళ్ళలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం పోయినవారు ఉన్నారు. బతికినవారిలో కూడా "ఇక నేను పనికిరాను" అన్న దిగులు పాతుకుపోయేది. మన ఇళ్ళలో నేటికీ వినిపించే "కదలకూడదు" అన్న మాట ఆ కాలపు వారసత్వమే.

కుర్చీ, బస్సు, ఒక దేశాధ్యక్షుడు

ఆ మంచం నుండి రోగిని లేపినవారిలో ముఖ్యులు బోస్టన్ వైద్యులు శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లోన్. రోగిని మొదటి రోజుల్లోనే చేతుల కుర్చీలో కూర్చోబెట్టే పద్ధతిని 81 మంది మీద అమలు చేసి 1952లో ఫలితాలు ప్రచురించారు. నేరం చేస్తున్నట్లు చూసినవారు తోటి వైద్యుల్లోనే ఉన్నారు. కానీ అనుకున్న ప్రమాదం రాలేదు, సరికదా రోగులు ఉత్సాహంగా కోలుకున్నారు.

మరుసటి ఏడు, 1953లో, లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు ప్రచురించిన పరిశోధన మన ఆర్.టి.సి. మిత్రులకు నచ్చుతుంది. ఆయన లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చొని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లు ఎక్కుతూ దిగుతూ టికెట్లు కోసే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా ఉంది. డ్రైవర్లు ఉద్యోగంలో చేరేనాటికే కొంచెం లావుగా ఉన్నారని తరువాత వారి యూనిఫారం కొలతలు చూసి ఆయనే తేల్చాడు. కాబట్టి ఘనత అంతా మెట్లదే అనలేము. అయినా శ్రమ గుండెకు శత్రువు కాదన్న ఆలోచన లోకంలో పడింది.

1955 సెప్టెంబరు 24న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. చికిత్సలో పాల్గొన్న పాల్ డడ్లీ వైట్ స్వయంగా నడక, సైకిలు మీద మక్కువ గల వైద్యుడు. పత్రికల వారికి రోగి స్థితిని దాచకుండా వివరించాడు. ఐసెన్‌హోవర్ తిరిగి పనిలో చేరి, 1956 ఎన్నికల్లో మళ్ళీ గెలిచాడు. గుండెపోటు వచ్చిన మనిషి ఒక దేశాన్ని పాలించగలిగినప్పుడు, మామూలు గుమాస్తా తన కుర్చీకి తిరిగి రాలేడా అని జనం ఆలోచించడం మొదలుపెట్టారు.

పడక ఎంత చేటో లెక్కతో చూపింది 1966లో డల్లాస్‌లో జరిగిన ప్రయోగం. ఆరోగ్యంగా ఉన్న ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచారు. వారి శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పయి ఏళ్ళ తరువాత అదే ఐదుగురిని మళ్ళీ పరీక్షిస్తే, ముప్పయి ఏళ్ళ వయసు చేసిన నష్టం కంటే మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది!

"ఎంత?" అన్న ప్రశ్న

నడవాలని తేలింది. మరి ఎంత గట్టిగా? 1957లో ఫిన్లాండ్ శాస్త్రజ్ఞుడు మార్టి కార్వోనెన్ దీనికి ఒక లెక్క అందించాడు. విశ్రాంతిలో నాడి ఎంత, గరిష్ఠంగా ఎంత అన్నది తెలుసుకొని, ఆ రెంటి తేడాలో కొంత శాతాన్ని విశ్రాంతి నాడికి కలపాలి. 65 ఏళ్ళ మనిషిని తీసుకోండి. 220 నుండి వయసు తీసివేస్తే గరిష్ఠం సుమారు 155. విశ్రాంతి నాడి 75 అయితే తేడా 80. అందులో 40 నుండి 60 శాతం, అంటే 32 నుండి 48 వరకు, 75కు కలిపితే నిమిషానికి 107 నుండి 123. దీనిని మధ్యరకం శ్రమ అంటారు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. 220 అన్నది సగటు అంచనా మాత్రమే, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. పైగా మనలో అనేకులు వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు నాడిని అణచి ఉంచుతాయి. ఆ మాత్రలు వేసుకుంటూ 123 అందుకోవాలని పరుగెత్తితే ముప్పు కొని తెచ్చుకున్నట్లే. అటువంటి వారికి, మాత్రలు వేసుకుంటూనే చేయించుకున్న ట్రెడ్‌మిల్ పరీక్షను బట్టి డాక్టరుగారు చెప్పిన అంకెయే ప్రమాణం.

స్వీడన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ వేరే దారి పట్టాడు. శ్రమ ఎంతగా అనిపిస్తున్నదో రోగినే అడగమన్నాడు. 6 నుండి 20 వరకు ఆయన వేసిన కొలబద్ద మీద 11 అంటే తేలిక, 13 అంటే కాస్త కష్టం, 17 అంటే చాలా కష్టం. గుండె రోగులను సాధారణంగా 11–13 మధ్య ఉండమంటారు. ఇంకా సులువైనది మాట పరీక్ష. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అప్పుడు శ్రమ మధ్యరకంగా ఉన్నట్లు.

ఇది చదివినప్పుడు నాకు మన ఆయుర్వేదం గుర్తుకువచ్చింది. శరీర బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని సుశ్రుత సంహిత చెబుతుంది. ఊపిరి నోటి దాకా రావడం ఆ సగానికి గుర్తు. ఎండకాలంలో ఇంకా తగ్గించమంటాడు వాగ్భటుడు. అవి గుండెపోటు రోగుల కోసం వ్రాసినవి కావు కానీ, ఊపిరిని చూసి శ్రమను కొలవవచ్చునని మన పూర్వులు గమనించారన్నది నిజం.

గట్టిగానా, మెల్లగానా?

2007లో నార్వే నుండి వచ్చిన ఒక పరిశోధన సంచలనం రేపింది. గుండె బలహీనపడిన 27 మంది రోగులలో, నాలుగేసి నిమిషాలు గట్టిగా శ్రమించి నడుమ నెమ్మదించిన వారికి దేహశక్తి 46 శాతం, ఏకరీతిగా మితంగా నడిచిన వారికి 14 శాతం పెరిగింది. "చెమటలు కారేలా" అన్న సలహాకు బలం వచ్చింది. కానీ 27 మందితో తీర్పు చెప్పలేము గదా. 2015లో బెల్జియంలో రక్తనాళాల జబ్బు ఉన్న 200 మందిని పరిశీలిస్తే రెండు పద్ధతులూ దాదాపు సమానమే, రెండింటిలోనూ 20 శాతానికి పైగా మెరుగు. 2017లో ఐరోపా దేశాల్లో గుండె బలహీనపడిన 261 మందితో చేసిన పరిశోధనలో కూడా గట్టి శ్రమది పైచేయి కాలేదు. అందులో ఒక వింత ఉంది. గట్టిగా చేయమన్న వారిలో సగం మంది చెప్పిన దానికంటే తగ్గించారు, మితంగా చేయమన్న వారిలో ఎక్కువమంది చెప్పిన దానిని మించిపోయారు. పర్యవేక్షణలో ఉన్నవారే కొలత తప్పితే, ఒంటరిగా నడిచే మన సంగతి చెప్పాలా?

ప్రమాదం మాటేమిటి? నార్వేలో 4,846 మంది రోగులు కలిసి చేసిన 1,75,820 గంటల వ్యాయామంలో గుండె ఆగిన సంఘటనలు మూడే, వాటిలో మరణం ఒకటి. అయితే అవన్నీ సిబ్బంది పక్కన ఉండగా చేసిన గంటలు. ఈ లెక్క చూసి మనం ఒంటరిగా పరుగు తీయరాదు. మొత్తం మీద వ్యాయామ పునరావాసం మంచిదేనన్నది స్థిరపడింది. 85 పరిశోధనలను, 23,430 మంది రోగులను కలిపి 2021లో సమీక్షించినప్పుడు, వ్యాయామం చేసినవారిలో మళ్ళీ గుండెపోటు రావడం, ఆసుపత్రి పాలు కావడం తగ్గినట్లు తేలింది.

మన సంగతి

ఇది పట్నవాసుల జబ్బు కదా అనేవారు ఉన్నారు. గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో 2003–04లో ఒక ఏడాది మరణాలు 1,354 పరిశీలిస్తే, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వలననే. ఆసుపత్రిలో జరిపే వ్యాయామ శిక్షణ మాత్రం పల్లెలకు అందడం కష్టం. అందుకే మన దేశంలో 24 ఆసుపత్రులలో 3,959 మంది గుండెపోటు రోగులతో యోగా ఆధారిత పునరావాసాన్ని పరీక్షించారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం మరణాలు, గుండెపోట్లు స్పష్టంగా తగ్గాయని చెప్పలేకపోయారు. కానీ ఆరోగ్యం బాగుందన్న భావన, పాత పనుల్లోకి తిరిగి రావడం మెరుగైనాయి. ఖర్చు తక్కువ గల మార్గానికి అది చిన్న మేలు కాదు.

మన చోడవరం 2022లో విశాఖ జిల్లా నుండి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది గాని, మన ఎండ, ఉక్కపోత మారలేదు. కనుక నా మనవి ఇది. తెల్లవారుజామున, చల్లబడ్డాక నడవండి. భోజనం చేసిన వెంటనే వద్దు. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి. ముందు నిమిషాలు పెంచండి, వేగం తరువాత. నాలుక కింద పెట్టుకొనే మాత్ర డాక్టరు ఇచ్చి ఉంటే జేబులో ఉంచుకోండి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్ళు తిరగడం – వీటిలో ఏది వచ్చినా ఆగి కూర్చోండి. తగ్గకపోతే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయించండి.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణకు మన సభ్యులు వెళ్తూనే ఉంటారు. అది సుమారు 32 కిలోమీటర్లు. ఏడాది పొడవునా వీధి చివరి దాకా నడవనివారు ఒక్క రాత్రి అంత దూరం నడవడం భక్తి అవుతుంది గాని వ్యాయామం కాదు. గుండె రోగులు డాక్టరుగారిని అడగనిదే పూనుకోవద్దు. అప్పన్న స్వామి కొండ చుట్టూ తిరిగితేనే కరుణిస్తాడని లేదు.

చివరగా కార్యవర్గానికి ఒక సూచన. నెలవారీ సమావేశం రోజున గంట ముందుగా వచ్చి, గుండె చికిత్స పొందిన సభ్యులం ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటూ నడుద్దాం. ముందు, తరువాత ఒకరి నాడి ఒకరం చూసి పుస్తకంలో వ్రాసుకుందాం. డాక్టరుగారి వద్దకు వెళ్ళినప్పుడు ఆ పుస్తకం చూపిద్దాం. ఇంటి ఆడవారికి కూడా, వారి ఆయాసాన్ని ఇంటిపని అలసటగా కొట్టిపారేయక, ఈ నడకలో చోటివ్వాలి. ఇందుకు సంఘానికి అయ్యే ఖర్చు ఒక నోటు పుస్తకం, సెకన్ల ముల్లు ఉన్న ఒక గడియారం.