తూటా గొట్టాల కందెన

తూటా గొట్టాల కందెన అనగా, ఒకసారి పేలిన తూటా యొక్క ఇత్తడి గొట్టాన్ని ఉక్కు అచ్చులోకి నొక్కి తిరిగి కొలతకు తెచ్చేటప్పుడు, అది అచ్చుకు పట్టేయకుండా పైన పూసే జిడ్డు పదార్థం. తుపాకులు వాడేవారు ఈ గొట్టాన్ని కేస్ అనీ, అచ్చును డై అనీ అంటారు. గొట్టానికి కొత్త ప్రైమర్, మందు, గుండు అమర్చి మరల వాడుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. ఇది అమెరికా, ఐరోపా దేశాలలో గురి క్రీడాకారులు, వేటగాళ్ళు విస్తారంగా చేసే పని. భారతదేశంలో దీనికి చట్టపరమైన ఆంక్షలు ఉన్నాయి.

కందెన అనేది మొదట ఎడ్లబండి ఇరుసుకు పూసే నల్లని జిడ్డుకు పేరు. వికారాబాద్, తాండూరు ప్రాంతపు పల్లెలలో పెద్దవారికి ఈ మాట ఇప్పటికీ ఆ అర్థంలోనే పరిచయం. ఆముదంలో మసి కలిపి దీనిని తయారు చేసుకొనేవారు. తరువాత పాఠ్యపుస్తకాలు ఈ మాటను యంత్రాల నూనెలన్నింటికీ వర్తింపజేశాయి. ఇరుసు దగ్గరైనా తూటా గొట్టం దగ్గరైనా కందెన చేసే పని ఒకటే: రెండు లోహాలు నేరుగా తాకకుండా మధ్యలో ఒక పలుచని పొరగా నిలబడటం. అయితే ఇరుసుపై ఒత్తిడి తక్కువ, తిరుగుడు ఎక్కువ. అచ్చులో దీనికి విరుద్ధం. కదలిక ఒకటి రెండు అంగుళాలకు మించదు గానీ ఒత్తిడి మాత్రం చాలా అధికం. అందువలన ఇరుసుకు పనికివచ్చిన ప్రతి జిడ్డూ ఇక్కడ పనికిరాదు.

అవసరం

తూటా గొట్టాలకు వాడే ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. తూటా పేలినపుడు లోపలి వాయువుల పీడనానికి గొట్టం ఉబ్బి తుపాకీ చాంబర్ గోడలకు అతుక్కుంటుంది. వాయువులు వెనుకకు రాకుండా అడ్డుపడేది ఇదే. పీడనం తగ్గగానే ఇత్తడి తన సాగే గుణం వలన కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది, కానీ పూర్వపు కొలతకు రాదు. దానిని చాంబర్ కంటే కొంచెం సన్నగా ఉండే అచ్చులోకి ప్రెస్‌తో నొక్కితే తిరిగి కొలతకు వస్తుంది.

మెత్తని ఇత్తడి గట్టి ఉక్కుపై ఒత్తిడితో జారినపుడు, మధ్యలో పొర లేకపోతే ఇత్తడి రేణువులు ఊడి ఉక్కుకు అంటుకుంటాయి. అలా అంటుకొన్నవి తరువాత వచ్చే ప్రతి గొట్టాన్నీ గీరుతాయి. అంతకంటే పెద్ద కష్టం గొట్టం అచ్చులో బిగుసుకుపోవడం. ప్రెస్ మీటను బలవంతంగా వెనక్కి లాగితే గొట్టం అడుగున ఉండే అంచు తెగి చేతికి వస్తుంది, గొట్టం మాత్రం లోపలే ఉండిపోతుంది. అప్పుడు గొట్టం అడుగున ప్రైమర్ కూర్చునే చోట డ్రిల్లుతో రంధ్రం చేసి, దానికి మరలు కోసి, బోల్టు బిగించి బయటికి లాగవలసి ఉంటుంది. ఈ పని కోసం పనిముట్ల సెట్లు విడిగా అమ్ముడవుతున్నాయి. దీనిని బట్టి ఈ ఇబ్బంది ఎంత సాధారణమో ఊహించవచ్చు.

చల్లబరచడం వేరు, కందెన వేయడం వేరు. తాండూరు నాపరాళ్ళను కోసే రంపం మీద నిరంతరం నీరు పారిస్తారు. ఆ నీరు వేడిని, రాతి బురదను మోసుకుపోతుంది. కానీ నీటికి అధిక ఒత్తిడిలో పొరగా నిలిచే శక్తి చాలా తక్కువ. తూటా గొట్టాన్ని నీటితో తడిపి అచ్చులోకి నొక్కితే అది నిస్సందేహంగా పట్టేస్తుంది.

రకాలు

వాడుకలో ఉన్న కందెనలలో మొదట చెప్పుకోదగ్గవి మైనాలు. ఇంపీరియల్ సైజింగ్ డై వాక్స్ వీటిలో ప్రసిద్ధమైనది. వేలి కొసకు కొద్దిగా తీసుకొని గొట్టం పొడవునా రుద్దితే చాలు. ఒక చిన్న డబ్బా వేల గొట్టాలకు సరిపోతుంది. పని నెమ్మదిగా సాగుతుంది గానీ, పొడవాటి రైఫిల్ గొట్టాలకు, గట్టిగా పట్టే అచ్చులకు ఇంతకంటే నమ్మదగినది అరుదు.

రెండవ పద్ధతిలో ఒక మెత్త మీద ద్రవాన్ని పోసి, దానిపై గొట్టాలను దొర్లిస్తారు. వీటిలో నీటితో కడిగితే పోయేవి కూడా ఉన్నాయి. మూడవది పిచికారీ. వందల గొట్టాలను ఒక్కసారిగా పళ్ళెంలో పరచి చల్లవచ్చు కనుక ఎక్కువగా కాల్చే క్రీడాకారులు దీనిని ఇష్టపడతారు. పిచికారీ వాడినవారికి గొట్టాలు బిగుసుకుపోవడానికి చాలావరకు కారణం తొందరే. ద్రావకం ఆవిరయ్యే వరకు కొన్ని నిమిషాలు ఆగాలి. తడిగా ఉన్నపుడు పైన ఉన్నది ఎక్కువగా ద్రావకమే తప్ప కందెన కాదు.

గొట్టం మెడ లోపలి భాగానికి అభ్రకం పొడి లేదా గ్రాఫైట్ వంటి పొడి కందెనలు వాడతారు. అక్కడ నూనె ఉంటే మందు రేణువులు అంటుకుంటాయి. ఇక టంగ్‌స్టన్ కార్బైడ్ వలయం అమర్చిన అచ్చులు కూడా ఉన్నాయి. ఇత్తడి కార్బైడ్‌కు అంటుకోదు కనుక నిట్టనిలువు గోడలు గల పిస్తోలు గొట్టాలకు వీటితో కందెన అవసరం దాదాపుగా ఉండదు. మెడ సన్నబడే రైఫిల్ గొట్టాలకు మాత్రం కార్బైడ్ అచ్చు వాడినా కందెన పూయవలసిందే.

ఆముదం, ఉన్నికొవ్వు

ఖరీదైన డబ్బాల వెనుక ఉన్న ముడిసరుకులు చాలావరకు పాతవే. పిచికారీలలో తరచుగా కనిపించేది లానోలిన్, అంటే గొర్రె ఉన్ని నుండి తీసే జిడ్డు. కొవ్వు అని పిలిచినా రసాయనికంగా ఇది ఒక మైనం. స్వయంగా తయారు చేసుకొనేవారు 1 పాలు లానోలిన్‌ను సుమారు 10 నుండి 12 పాళ్ళ గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కలుపుతారు. ఆల్కహాలు సులభంగా మండుతుంది కనుక ఈ పని పొయ్యి దగ్గర చేయరాదు. సన్నని ఉన్ని ఇచ్చే మెరినో వంటి జాతులలో ఈ జిడ్డు ఎక్కువ. తెలంగాణలో గొంగళ్ళు నేసే దక్కనీ గొర్రెల ముతక ఉన్నిలో ఇది తక్కువ.

తెలంగాణ మెట్ట పొలాల పంట అయిన ఆముదం ఈ పనికి మరింత ఆసక్తికరమైనది. ఆముదపు నూనెలోని కొవ్వు ఆమ్లాలలో 85 నుండి 90 శాతం వరకు రిసినోలిక్ ఆమ్లం. దీని అణువులోని హైడ్రాక్సిల్ సమూహం వలన ఆముదం ఇతర వంటనూనెల కంటే చిక్కగా ఉంటుంది, లోహపు ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లలో ఆముదమే వాడారు. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం యొక్క ఆంగ్ల నామం నుండే వచ్చింది. ఇతర నూనెలకు భిన్నంగా ఆముదం ఆల్కహాలులో చక్కగా కరుగుతుంది, కనుక దానిని పిచికారీగా మార్చడం తేలిక. ఇంజన్ ఆయిల్‌తో ఇది సాధ్యం కాదు. ఆముదానికి ఉన్న లోపం, గాలి తగిలి పాతబడే కొద్దీ బంకగా మారడం. అందువలన అచ్చును అప్పుడప్పుడు శుభ్రపరచకపోతే మూలల్లో పేరుకుపోతుంది.

మోతాదు, శుభ్రపరచడం

కందెన తక్కువైతే గొట్టం పట్టేస్తుంది. ఎక్కువైతే మరొక నష్టం. ద్రవాలను కుదించలేము కనుక, అచ్చు పైభాగంలో చిక్కుకొన్న జిడ్డు గొట్టం భుజం దగ్గర సొట్టలు వేస్తుంది. దీనికోసమే అనేక అచ్చులకు సన్నని గాలి రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోయిందేమో చూస్తూ ఉండాలి. పూత గొట్టం ఒంటికి ఉండాలి, భుజానికి కాదు. పూత ఒక గొట్టానికీ మరొక గొట్టానికీ మారితే భుజం వెనక్కి జరిగే దూరం కూడా మారుతుంది. రైఫిల్ క్రీడాకారులు ఈ దూరాన్ని సాధారణంగా 0.025 నుండి 0.05 మిల్లీమీటర్ల లోపల ఉంచడానికి ప్రయత్నిస్తారు. భుజం అతిగా వెనక్కి జరిగిన గొట్టాలు పేలినపుడు సాగి, కొన్నిసార్లు వాడిన తరువాత అడుగుభాగానికి పైన విరిగిపోతాయి.

పని ముగిశాక జిడ్డును పూర్తిగా తుడవాలి. పేలుడు సమయంలో పొడి గొట్టం చాంబర్ గోడలను పట్టుకొని వెనుకకు వచ్చే తోపుడులో కొంత భాగాన్ని తానే భరిస్తుంది. జిడ్డు గొట్టం జారిపోయి ఆ భారమంతా బోల్టుపై వేస్తుంది. అమెరికాలో 1921 నాటి జాతీయ పోటీల కోసం తగరపు పూత గల గుండ్లతో తూటాలు తయారుచేసినపుడు, కొందరు అలవాటు ప్రకారం వాటిని గ్రీజులో ముంచి కాల్చగా పీడనం ప్రమాదకరంగా పెరిగింది. నూనె ప్రైమర్‌కు సోకితే తూటా పేలకపోవచ్చు కూడా.

తుడవడానికి ఆల్కహాలు, వేడి సబ్బునీరు, లేదా మొక్కజొన్న కండెల పొట్టులో దొర్లించే యంత్రం వాడతారు. అమ్మోనియా ఉన్న శుభ్రపరచే ద్రావణాలు మాత్రం ఇత్తడికి శత్రువులు. ఈ సంగతి బయటపడింది భారతదేశంలోనే. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం వర్షాకాలంలో తూటాలను గుర్రపుశాలల వంటి చోట్ల నిల్వ ఉంచినపుడు గొట్టాలు వాటంతట అవే పగిలాయి. రుతువును బట్టి వచ్చే పగుళ్ళుగా దీనికి పేరు వచ్చింది. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, గొట్టం తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి దీనికి కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే శాస్త్రజ్ఞులు వివరించారు. గొట్టాలను తగు వేడిలో ఉంచి ఆ ఒత్తిడిని పోగొట్టడమే దీనికి విరుగుడు.

1857 నాటి జిడ్డు

తూటా జిడ్డు ఎంపిక చరిత్ర గతిని మార్చిన సందర్భం కూడా భారతదేశానిదే. అయితే అది ఇత్తడి గొట్టాలు రాకముందు, కాగితపు తూటాల కాలం. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ తుపాకీలో గుండు గొట్టంలోకి తేలికగా దిగడానికి తూటా కొసకు జిడ్డు పూసేవారు, ఆ కాగితాన్ని పంటితో చింపాలి. అందులో ఆవు, పంది కొవ్వు ఉన్నాయన్న అనుమానం 1857 జనవరిలో డండం నుండి వ్యాపించింది. సిపాయిలు తమకు ఇష్టమైన జిడ్డును తామే పూసుకోవచ్చునని, తరువాత పంటితో కాక చేతితో చింపవచ్చునని అధికారులు మార్పులు చేసినా అప్పటికే నమ్మకం పోయింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 85 మంది రౌతులు తూటాలను తీసుకోవడానికి నిరాకరించారు. మే 10న తిరుగుబాటు మొదలైంది. ఆ ప్రకంపనలు నిజాం రాజ్యానికి చేరి, జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగింది.

చట్టం, క్రీడ

భారత ఆయుధ చట్టం, 1959 ప్రకారం తూటా అనే నిర్వచనంలోకి తూటా భాగాలు, వాటి తయారీ యంత్రాలు కూడా వస్తాయి. చట్టంలోని 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ తరువాత దీనికి శిక్ష 7 సంవత్సరాల నుండి యావజ్జీవం వరకు ఉంది. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారు చేసే హక్కు రాదు. కందెన డబ్బా కొనడం నేరం కాకపోయినా, దానిని వాడే పనికి అనుమతి కావాలి.

తెలుగువారికి పేరు తెచ్చిన గురి క్రీడలలో ఈ కందెనతో దాదాపు పనిలేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్య పతకం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో అసలు తూటా గొట్టమే ఉండదు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ పాల్గొనే 25 మీటర్ల పిస్తోలు పోటీలో వాడే .22 తూటాలకు పేలే పదార్థం అడుగు అంచులోనే ఉంటుంది. ఒకసారి పేలితే ఆ అంచు నొక్కుకుపోతుంది కనుక వాటిని మరల నింపరు. పునర్వినియోగానికి వీలైనవి .32 వంటి సెంటర్‌ఫైర్ పిస్తోలు తూటాలు, 300 మీటర్ల రైఫిల్ తూటాలు. కైనన్ చెనాయ్ వంటివారు ఆడే ట్రాప్ క్రీడలో షాట్‌గన్ తూటాల గోడ ప్లాస్టిక్‌తో చేసినది. వాటిని మరల నింపే దేశాలలో కూడా ఇటువంటి కందెన పూయరు.