పాత ప్లేట్ల అంగడి: మద్రాసు మూర్ మార్కెట్‌లో గ్రామఫోన్ రికార్డులు

అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని కొన్ని నిర్ణీత గ్రంథాలయాలకు అందజేయాలని 1954లో భారత ప్రభుత్వం చట్టం చేసింది గాని, గ్రామఫోన్ రికార్డులను ఆ విధంగా పదిలపరిచే ఏర్పాటు ఏదీ ఆనాడు లేదు. కంపెనీలకు రికార్డు అమ్ముడుపోవలసిన సరుకు మాత్రమే. గిరాకీ తగ్గిన పాటను జాబితా నుంచి తొలగించడమే వాటి ఆనవాయితీ. అందువల్ల ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో తెలుగువారు పాడిన పాటలలో ఏవి మిగిలాయి, ఏవి పోయాయి అన్న ప్రశ్నకు సమాధానం చాలామేరకు పాత సామాన్ల వ్యాపారంలోనే దొరుకుతుంది. తెలుగు రికార్డులకు సంబంధించినంతవరకు ఆ వ్యాపారానికి ముఖ్యమైన కేంద్రాలలో మద్రాసులోని మూర్ మార్కెట్ ఒకటి.

గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి, ఆ నవంబరులో భారతీయ గాయనీగాయకుల పాటలను భారతదేశంలో మొదటిసారి రికార్డు చేశాడు. మొదట్లో ఈ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో తయారై ఓడలలో తిరిగివచ్చేవి. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం ఏర్పడిన తరువాత ఇక్కడే తయారుకాసాగాయి. దక్షిణాదిలో ఈ వ్యాపారానికి మద్రాసు కేంద్రమైంది. తరువాతి కాలంలో ఎ.వి.ఎం. స్టూడియోను స్థాపించిన ఎ.వి. మెయ్యప్పన్ 1930ల ఆరంభంలో భాగస్వాములతో కలిసి నడిపిన సరస్వతీ స్టోర్స్ ఓడియన్ రికార్డులకు పేరుపొందింది. నాటక పద్యాలు, హరికథలు, జావళీలు, కీర్తనలు, లలిత గీతాలు, వాటి వెనుకే టాకీ పాటలు ఈ విధంగా తెలుగు ఇళ్లకు చేరాయి. తెలుగు సినిమా నిర్మాణం కూడా దశాబ్దాలపాటు మద్రాసులోనే సాగినందున, తెలుగు రికార్డులు కొత్తవైనా పాతవైనా ఆ నగరంలో విరివిగా దొరకడం సహజమే.

నగరపాలక సంస్థ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరిట సెంట్రల్ స్టేషన్ పక్కన ఎర్ర ఇటుకలతో కట్టిన మూర్ మార్కెట్ 1900లో ప్రారంభమైంది. అన్ని రకాల సరుకులకూ ఉద్దేశించిన ఆ అంగడి కాలక్రమంలో పాత పుస్తకాలకు, పాత వస్తువులకు, పెంపుడు జంతువులకు, గ్రామఫోన్ రికార్డులకు ప్రసిద్ధి చెందింది. అక్కడికి రికార్డులు రావడానికి కారణాలు అనేకం. ఇంటి పెద్ద గతించిన తరువాత వారసులు సామాను వదిలించుకొనేవారు. రేడియో వచ్చాక కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోన్ పెట్టె మూలపడేది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్‌ప్లే రికార్డులు వ్యాపించాక 78 చుట్ల పాత ప్లేట్లకు ఇంట్లో చోటు కరువయ్యేది. చివరకు 1980లలో క్యాసెట్ రాకతో లాంగ్‌ప్లేలు కూడా అదే దారి పట్టాయి.

పాత ప్లేటు కొనడం ఒక విద్య. 78 చుట్ల ప్లేటును లక్కలో రాతిపొడి, మసి కలిపి, వేడిమీద అచ్చుల మధ్య నొక్కి తయారుచేసేవారు. అది గట్టిదే గాని చేయి జారితే పగులుతుంది. దానిపై నడిచే ఉక్కు ముల్లును ప్రతి పక్కకూ మార్చాలి. పొదుపు కోసం అదే ముల్లును మళ్లీ మళ్లీ వాడితే గాడి అరిగి, నల్లని మెరుపు పోయి బూడిదరంగు తేలుతుంది. అందుచేత ఎరిగినవారు ప్లేటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి గాళ్ల రంగు చూసేవారు. కొత్త కుండకు వలెనే పగులు లేని ప్లేటుకూ ఒక నాదం ఉంటుంది. సన్నని నెర్ర ఉన్నది వేలితో తడితే బొంగురుగా పలుకుతుంది. ఆ తరువాత చూడవలసినవి రెండు సంఖ్యలు. లేబుల్‌పై అచ్చయినది కంపెనీ జాబితా సంఖ్య. లేబుల్ అంచున లక్కలోనే నొక్కిన చిన్న అంకెలు మాతృక సంఖ్య, అనగా ఆ పాటను ఏ విడత పాడినప్పుడు పట్టారో తెలిపే గుర్తు. అదే పాటను కంపెనీ మరొక లేబుల్‌తో మళ్లీ విడుదల చేసినా మాతృక సంఖ్య మారదు కనుక, రెండు ప్లేట్లు ఒకే గానమా, వేర్వేరు గానాలా అన్నది దానినిబట్టి తేల్చవచ్చు.

ఈ వ్యాపారం పాటలను కాపాడినట్లే చెదరగొట్టింది కూడా. పది అంగుళాల ప్లేటు ఒక పక్క సుమారు మూడు నిమిషాలే పట్టేది. అందువల్ల నాటకాలను అనేక ప్లేట్లకు విభజించి సెట్లుగా విడుదల చేసేవారు. పాత అంగడిలో ఆ ప్లేట్లు విడివిడిగా అమ్ముడుపోగా, కథ ఆరంభం ఒక ఊరికి, ముగింపు మరొక ఊరికి చేరేవి. జనాదరణ పొందిన ప్లేట్లు ఎక్కువ సంఖ్యలో దొరికినా అరిగిపోయి దొరికేవి. ఎవరూ పెద్దగా వినని ప్లేటు ఒక్కటే మిగిలినా కొత్తదానిలా ఉండేది.

ఆ అంగళ్లలో వెతికి ఏరిన వ్యక్తుల శ్రమ లేకపోతే నష్టం మరింత ఎక్కువగా ఉండేది. 1930లనాటి తెలుగు టాకీలలో చాలావాటి ప్రింట్లు నేడు లేవు. వాటి సంగీతానికి రికార్డులే ఆధారం. సినిమాకు ఒకరు, రికార్డుకు మరొకరు పాడిన సందర్భాలు కూడా ఉన్నందున, తెరపై వినిపించినదే ప్లేటులో ఉంటుందని అనుకోరాదు. పాటల వ్యాప్తికీ రికార్డే ఆధారమయ్యేది: శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ ఇంటింటికీ చేరింది టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డు ద్వారానే. అటువంటి సేకర్తలలో ఒకరైన, బొబ్బిలి జమీందారీ కుటుంబానికి చెందిన వి.ఎ.కె. రంగారావు మద్రాసులో వేల సంఖ్యలో సేకరించిన 78 చుట్ల రికార్డులు తెలుగు, తమిళ సంగీత చరిత్ర రచనకు ముఖ్యమైన ఆకరం.

1985 మే 30న మూర్ మార్కెట్ అగ్నికి ఆహుతైంది. ఆ స్థలంలో తరువాత రైల్వే భవనం వెలసింది. వ్యాపారులలో పలువురు సమీపంలోని లిల్లీ పాండ్ సముదాయానికి తరలివెళ్లారు. రికార్డుల వాడకం కూడా అప్పటికే క్షీణిస్తున్నందున, పాత ప్లేటు క్రమంగా నిత్యోపయోగ వస్తువు స్థాయి దాటి, సేకర్తలు పోటీపడి కొనే అపురూప వస్తువైంది.

కాబట్టి నేడు లభ్యమవుతున్న పాత రికార్డులనుబట్టి ఆనాటి అభిరుచిని అంచనా వేసే చరిత్రకారుడు జాగరూకుడై ఉండాలి. ఏ ఇంటివారు అమ్మారు, ఏ వర్తకుడు కొన్నాడు, ఏ సేకర్త దేనిని కోరాడు అన్న మూడు జల్లెడలు దాటి వచ్చినదే మన ముందున్న సంపద. ఒక గాయని రికార్డులు నేడు అరుదుగా దొరుకుతున్నంత మాత్రాన ఆమెను ఆనాడు ఎవరూ వినలేదనడం సరికాదు; అరిగి పగిలేంతగా విని ఉండవచ్చు. రికార్డు కంపెనీల జాబితాలను, ఆనాటి పత్రికా ప్రకటనలను మిగిలిన ప్లేట్ల మాతృక సంఖ్యలతో పోల్చిచూసినప్పుడే ఏది అచ్చయింది, ఏది మిగిలింది అన్న తేడా తెలుస్తుంది; తెలుగు రికార్డు చరిత్రకు ఆ లెక్కే పునాది కావాలి.