గోల్కొండ నుండి సియాల్‌కోట్ వరకు

ప్రతి సంవత్సరం సెప్టెంబరు నెల రాగానే మా తరగతిలో ఒక ప్రశ్న పుడుతుంది. 1948లో నిజాం ఫౌజు లొంగిపోయిందని చెప్పి పాఠం ముందుకు సాగుతుంది. ఒకసారి వెనుక బెంచీ పిల్లవాడు లేచి నిలబడి, "సార్, ఆ ఫౌజు వాళ్ళు తర్వాత ఎటు పోయిండ్రు?" అని అడిగాడు. పక్కవాడు అందుకుని, "మన తాతలు దేశానికి దుష్మన్లా సార్?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండ పేజీ తిప్పేశాను. ఇన్నేళ్ళు ఉస్తాదుగా బతికినవాణ్ణి, ఆ రోజు ఇంటికి పోతూ దారి పొడుగునా సిగ్గుపడ్డాను. ఆ పిల్లలకు నేను బాకీపడిన జవాబు ఈ వ్యాసము. ఆ ఫౌజులో నుండి వచ్చి దేశానికి ప్రాణమిచ్చిన ఒక మనిషి కథ ఇది. ఆయన పేరు లెఫ్టినెంట్ కర్నల్ ఆర్దెషీర్ బుర్జోర్జీ తారాపూర్. స్నేహితులకు ఆది.

ఆయన పార్సీ. 1923 ఆగస్టు 18న బొంబాయిలో పుట్టారు. వంశంలో పూర్వీకుడొకరు శివాజీ మహారాజు సైన్యంలో పనిచేసి నూరు గ్రామాలు ఇనాముగా పొందారనీ, వాటిలో ముఖ్యమైన తారాపూర్ గ్రామమే ఇంటిపేరైందనీ ఆ కుటుంబపు చరిత్ర. తరువాత తాతగారు హైదరాబాదు వచ్చి నిజాం సర్కారు కస్టమ్స్ శాఖలో కొలువు చేశారు. తండ్రిగారిదీ అదే శాఖ. ఆ తండ్రి ఫారసీ, ఉర్దూ భాషలలో పండితుడు. ఉర్దూ మీడియం పిల్లలకు నేను ఈ మాట ప్రత్యేకంగా చెబుతాను. పరమవీరచక్ర అందుకున్న ఒక ఇంట్లో మన జబాను గౌరవంగా బతికింది.

ఏడేళ్ళ వయసులో ఆదిని పూనాలోని సర్దార్ దస్తూర్ బోర్డింగు స్కూలుకు పంపారు. 1940లో మెట్రిక్ పాసయ్యాడు. తరువాత గోల్కొండలోని ఆఫీసర్ల శిక్షణ పాఠశాలలో చేరి, బెంగుళూరులో మిగతా శిక్షణ ముగించుకుని, 1942 జనవరి 1న 7వ హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీలో సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు. అప్పటికి పద్దెనిమిదేళ్ళు దాటి నాలుగు నెలలు. అయితే కుర్రవాడి మనసు పదాతిదళం మీద లేదు. గుర్రపు రౌతుల పరంపరలో వచ్చిన కవచ దళాలలో, అనగా యుద్ధ వాహనాలు నడిపే దళాలలో చేరాలని కోరిక.

ఆ కోరిక తీరిన తీరు వినదగినది. హైదరాబాదు సైన్యాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ ఒకనాడు తనిఖీకి వచ్చారు. గ్రెనేడ్లు విసిరే అభ్యాసం జరుగుతున్నది. కొత్త సిపాయి ఒకడు పిన్ను లాగిన గ్రెనేడును సరిగా విసరలేకపోయాడు. అది ముందుకు పోక, వాళ్ళు నిలబడిన గుంతలోనే పడింది. ఉన్నవి కొద్ది సెకన్లు. తారాపూర్ గుంతలోకి దూకి, దాన్ని చేతబట్టి బయటికి విసిరాడు. అది గాలిలోనే పేలి, ముక్కలు ఆయన ఛాతీలో దిగాయి. కోలుకున్న తరువాత జనరల్ పిలిపించి శభాషన్నారు. కుర్రవాడు సమయం చూసి తన మనవి చెప్పుకున్నాడు. జనరల్ ఆయనను 1వ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్‌కు మార్పించారు.

ఆ లాన్సర్స్ పేరు మనం మరచిపోరాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లు ఒకే బ్రిగేడుగా పాలస్తీనా, సిరియా నేలలపై పోరాడారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అని పిలిచే మూడు విగ్రహాలు ఆ మూడు దళాల జ్ఞాపకమే. అందులో ఒకటి మన హైదరాబాదుది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ దళంతోనే యువకుడైన తారాపూర్ పశ్చిమాసియాలో పనిచేశాడు.

ఇక 1948. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. 18న జనరల్ ఎల్ ఎద్రూస్ తన సైన్యంతో సహా మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు. ఆ సంవత్సరం అన్ని వైపుల అమాయకులు నష్టపోయారు. ఆ లెక్కలు తీయడం ఈ వ్యాసము పని కాదు. ఫౌజు ఎత్తివేయగా ఎందరో సిపాయిల ఇండ్లలో పొయ్యి మీది కుండ ఖాళీ అయిందన్నది మాత్రం మన పెద్దలు చెప్పగా విన్నాము.

తారాపూర్ ఏమైనాడు? కొత్త దేశం ఆయనను తీసుకున్నది. 1951 ఏప్రిల్ 1 నుండి భారత సైన్యపు పూనా హార్స్ రెజిమెంటులో ఆఫీసరు. తరువాత ఇంగ్లండు పోయి సెంచూరియన్ ట్యాంకులపై శిక్షణ పొందారు. చివరకు ఆ రెజిమెంటుకే కమాండరు అయ్యారు.

ట్యాంకు కమాండరు పని ఎట్లా ఉంటుందో పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెబుతాను. సెంచూరియన్ దాదాపు 50 టన్నుల ఇనుప కోట. లోపల నలుగురు: నడిపేవాడు, గురిచూసి కాల్చేవాడు, గుండు నింపేవాడు, వీరికి ఆజ్ఞలిచ్చే కమాండరు. పైమూత వేసుకుంటే ప్రాణానికి భద్రం, కాని చూపు సగం పోతుంది. మూత తీసి నడుము వరకు బయట నిలబడితే నలుదిక్కులూ కనిపిస్తాయి, అయితే ఛాతీ శత్రువుకు అప్పగించినట్లే. తారాపూర్ మూత తెరచి నిలబడే కమాండరు.

1965 సెప్టెంబరు 11న సియాల్‌కోట్ రంగములో ఫిల్లోరా పట్టుకునే బాధ్యత పూనా హార్స్ మీద పడింది. వజీర్‌వాలీ వైపు నుండి పాకిస్తాను ట్యాంకులు ఎదురుదాడికి వచ్చాయి. తారాపూర్ గాయపడ్డారు. వెనక్కి పొమ్మంటే ఒప్పుకోలేదు. 14న వజీర్‌వాలీ, 16న జస్సోరాన్, బుతుర్‌డోగ్రందీ ఆయన నాయకత్వంలో చేజిక్కాయి. ఆయన ట్యాంకుకు ఎన్నోసార్లు దెబ్బ తగిలినా స్థానం వదలలేదు. ఆ 16వ తేదీనే ప్రాణం విడిచారు. వయసు 42. ఆ పోరులో రెజిమెంటు సుమారు 60 శత్రు ట్యాంకులను ధ్వంసం చేసి, తనవి 9 మాత్రమే పోగొట్టుకున్నదని పరమవీరచక్ర ప్రశంసాపత్రం చెబుతుంది. చవిండా పట్టణం మాత్రం మన చేతికి రాలేదు, అదీ చెప్పాలి. తాను మరణిస్తే రణభూమిలోనే దహనం చేయమని ఆయన ముందే చెప్పి ఉంచారు. పార్సీల ఆచారం వేరైనా ఆ కోరిక ప్రకారమే జరిగింది.

పాఠకులు తేదీలను గమనించగలరు. నిజాం కాల్పుల విరమణ 1948 సెప్టెంబరు 17. తారాపూర్ మరణం 1965 సెప్టెంబరు 16. ఒక్క రోజు తక్కువ పదిహేడేళ్ళు. 1948లో హైదరాబాదు సైన్యం ఎవరి ముందు లొంగిపోయిందో ఆ చౌధురి గారే 1965లో భారత సైన్యాధిపతి. ఆయన సైన్యానికే ఆనాటి హైదరాబాదు ఫౌజు ఆఫీసరు ప్రాణం ఇచ్చాడు. ఆ యుద్ధంలో పరమవీరచక్ర ఇద్దరికే దక్కింది. రెండవవారు ఉత్తరప్రదేశ్ ధాముపూర్ గ్రామపు హవల్దార్ అబ్దుల్ హమీద్. ఒకరు పార్సీ, ఒకరు ముస్లిం. అప్పటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి. మన ఎల్‌బీ నగర్ పూర్తి పేరు లాల్ బహదూర్ నగర్. రోజూ బస్సు బోర్డు మీద చదువుతూనే ఉన్నాము, ఆ కాలాన్ని తలచుకున్నది ఎందరు?

అదే పూనా హార్స్‌లో 1971 డిసెంబరు 16న బసంతర్ పోరులో 21 ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ ట్యాంకులోనే అమరుడై పరమవీరచక్ర పొందాడు. కమిషను వచ్చి ఆరు నెలలే. ముందు నడిచినవారి అడుగులు వెనుకవారికి దారి అవుతాయనడానికి ఇంతకంటె రుజువు వద్దు. 2023 జనవరిలో అండమాన్ దీవులకు పరమవీరచక్ర వీరుల పేర్లు పెట్టినప్పుడు ఈ ఇద్దరి పేర్లతోనూ దీవులు వెలిశాయి. సముద్రం నడుమ దీవికి తెలిసిన పేరు గోల్కొండ ఉన్న ఊళ్ళో పిల్లలకు తెలియకపోతే తప్పు మాది, ఉస్తాదులది.

ఇప్పుడు ఆ పిల్లవాడికి నా జవాబు. బేటా, ఫౌజు వాళ్ళలో కొందరు ఇండ్లకు పోయిండ్రు, కొందరు కూలి చేసుకున్నరు, ఒకడు సియాల్‌కోట్ దాకా పోయిండు. శివాజీని కొలిచిన వంశం నిజామును కొలిచింది, తరువాత దేశాన్ని కొలిచింది. ఒక చోట నమ్మకంగా ఉన్నవాడే రెండవ చోట నమ్మకంగా ఉండగలడు. తాతల కొలువు చెప్పుకోవడానికి తల వంచుకోనక్కరలేదు. ఆ వఫాదారీని నీవు ఈనాడు ఎవరి సేవలో పెడుతున్నావన్నదే నిన్ను అడిగే ప్రశ్న.

సొసైటీ పెద్దలకు నా చిన్న మనవి. ప్రతి సెప్టెంబరు 16న మన పిల్లలకు తారాపూర్ మీద తెలుగులో, ఉర్దూలో వ్యాసరచన పోటీ పెట్టండి. ఈసారి ఆ పేజీ నేను తిప్పను.